పైలట్ లేని విమానం

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాని మగవాడు పగలంతా ఇంట్లో ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. నేను విమానం చేశాను. నవ్వుకుంటే నవ్వుకోండి. ఎనభైల చివర్లో, నిజామాబాద్‌లో, నన్ను కన్న మా అవ్వ వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టి నాకు అన్నం పెడుతుంటే, నేను లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని జానెడు ప్లాస్టిక్ విమానానికి రెక్కలు అతికించాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. బాపు పోయి నాలుగేళ్లు. ఆ ఒక్కటే అయితే ఇన్నాళ్లు సిగ్గుపడేవాణ్ని కాదు. పని లేనివాడు ఏదో ఒకటి చేస్తాడు. నా సిగ్గు వేరే ఉంది. దాన్ని చెప్పడానికే కూర్చున్నాను, మధ్యలో లేచిపోకుండా ఉంటే చాలు.

విమానం మా బావ తెచ్చాడు. అక్క మొగుడు. మస్కట్‌లో పని, రెండేళ్లకోసారి వచ్చేవాడు. ఆసారి టేప్ రికార్డర్ తెస్తాడని నేను గల్లీ అంతా చెప్పుకుని, రెండు క్యాసెట్లు కూడా ఎరువు తెచ్చి పెట్టుకున్నాను. బావ పెట్టె తెరిచాడు. సెంటు సీసాలు, దుప్పట్లు, సబ్బులు అందరికీ పంచి, చివరికి నా చేతిలో ఒక అట్టపెట్టె పెట్టాడు. మూత మీద మబ్బుల్లో ఎగురుతున్న పాతకాలపు యుద్ధవిమానం బొమ్మ.

"నువ్వు ఎయిర్‌ఫోర్స్‌ల చేరుతనంటివి గద బామ్మర్దీ. ఇగ గిది జేస్కో," అన్నాడు.

ఎయిర్‌ఫోర్స్ వాళ్లు నా కళ్లు పరీక్ష చేసి వెనక్కి పంపి అప్పటికి ఆరు నెలలు. బావ ఎగతాళికి అనలేదు, మంచి మనసుతోనే తెచ్చాడు. నాకే ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదు, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. నాలుగు రోజులు ఆ పెట్టె ముట్టలేదు. అయిదో రోజు ఎవరూ చూడకుండా తెరిచాను. ఇక అంతే, దాన్లో పడిపోయాను.

లోపల బూడిదరంగు ప్లాస్టిక్ చట్రాలు మూడు, వాటికి కాయల్లా వేలాడే చిన్న చిన్న ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక నంబరు. మడతల కాగితం మీద ఏ నంబరును ఏ నంబరుకు అతికించాలో బొమ్మలు వేసి ఉన్నాయి. పక్కనున్న రాత జపాన్‌దో మరెక్కడిదో, నాకు అంకెలు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక బంక ట్యూబు ఉంది, రెక్కల మీద అంటించే గుర్తుల కాగితం ఉంది. రంగులు లేవు. ముందు మొండెం చేయమని కాగితం చెబుతోంది. నేను రెక్కలతో మొదలుపెట్టాను. ఎవరైనా ఇది చెయ్ అంటే అది చేయకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

ముక్కలు కోయడానికి అవ్వ కత్తెర తీసుకున్నాను. తునికాకు కోసే కత్తెరకు ప్లాస్టిక్ తగిలిస్తే పదును పోతుందని తెలుసు. తెలిసే తీశాను. "నీ చేతులిరగ, నా కత్తెర మొండి జేస్తివి గదరా!" అని అవ్వ తిట్టింది. అతుకుల సందుల్లో తలుపులకు పూసే లప్పం పూసి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్దాను. రంగుల కోసం ఇనుప సామాన్ల దుకాణానికి పోతే అక్కడున్నవి గేట్లకూ ఎడ్లబండ్లకూ వేసే రంగులు. యుద్ధవిమానం పచ్చ వాళ్ల దగ్గర ఎక్కడుంటుంది? పసుపుపచ్చలో నలుపు కలిపి, కాస్త నీలం చుక్క వేసి, చీపురు పుల్లతో తిప్పగా తిప్పగా ఒక బురద పచ్చ వచ్చింది. అవ్వ తొంగి చూసి "పెండ రంగు" అంది. మొదటిసారి చిక్కగా వేస్తే రెక్క మీద సన్నటి గీతలన్నీ పూడుకుపోయాయి. కిరోసిన్ గుడ్డతో తుడిచి మళ్లీ వేశాను. పలచగా వేయాలి, ఆరనివ్వాలి, మళ్లీ పలచగా వేయాలి. చెడగొట్టుకుని చెడగొట్టుకుని నేర్చుకున్నాను.

పైలట్ ఒక్కడు మాత్రం మొదటిసారికే కుదిరాడు. చిటికెన వేలి కణుపంత మనిషి. వాడి ముఖానికి రంగు వేసే కుంచె నిజామాబాద్‌లో దొరకదు. బాపు గడ్డం గీసుకునే బ్రష్ సందూకలో ఉంటే దాన్నుంచి నాలుగు వెంట్రుకలు పీకి, పుల్లకు దారంతో కట్టాను. ఊపిరి బిగబట్టి ముఖానికి గోధుమరంగు, టోపీకి మట్టిరంగు, మెడలో రుమాలుకు తెలుపు. మీసం కూడా పెట్టాను. నిజం చెప్పాలంటే డిగ్రీ అయ్యాక ఆ రెండేళ్లలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. వాణ్ని కిటికీలో ఆరబెట్టి పొద్దంతా వెళ్లి వెళ్లి చూసుకున్నాను.

ఇక ఆమె సంగతి చెప్పాలి.

మా వాకిట్లో అవ్వతో పాటు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని బీడీలు చుట్టేవారు. ఒకరి మాట ఒకరు అందుకుంటూ, ఒళ్లో చాటలు పెట్టుకుని, చేతులు మాత్రం ఆగకుండా. వాళ్లలో ఇద్దరికి కార్డులున్నాయి. కార్డు ఉంటేనే కంపెనీ ఆకూ తంబాకూ ఇస్తుంది, చుట్టిన బీడీలు తీసుకుంటుంది. మూడో ఆమెకు కార్డు లేదు. అలాంటివాళ్లు కార్డున్న వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల పేరు మీద చుట్టేవారు. ఆమె మా అవ్వ కార్డు మీద చుట్టేది. మోస్రా దిక్కు నుంచి వచ్చింది. మొగుడు లారీ డ్రైవరు, ఒక ట్రిప్పుకు పోయినవాడు తిరిగి రాలేదు. ఉన్నాడో పోయాడో ఎవరికీ తెలియదు. మా గల్లీ చివర ఒక అర్ర కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. మా అవ్వను అక్కా అనేది కాబట్టి నాకు చిన్నమ్మ అయింది, అంతకు మించి చుట్టరికం ఏమీ లేదు.

ఆమె చేతులు చూడాలి. ఆకు మీద చిటికెడు తంబాకు పోసి, రెండు వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పితే బీడీ అయిపోయేది. మూతి మడిచి దారం కడితే ముడి ఎక్కడుందో కనిపించేది కాదు. అవ్వ సైతం ఏ కట్టకైనా బీడీలు తక్కువ పడితే "గామె చేతివి రెండు ఎయ్యి, మంచిగ కనవడ్తయి" అనేది.

మొండెం రెండు సగాలూ అతికించే రోజు వచ్చింది. సీటూ నేలా లోపల ముందే అతికించాను. రెండు సగాలకూ బంక రాసి దగ్గరికి నొక్కి పట్టుకుంటే ముక్కు దగ్గర కలుస్తుంది, తోక దగ్గర విచ్చుకుంటుంది. తోక పట్టుకుంటే ముక్కు విచ్చుకుంటుంది. బిగించే క్లిప్పులేవీ నా దగ్గర లేవు. బీడీల దారంతో కట్టేస్తే సరి అని తోచింది, కానీ కట్టడానికి మూడో చెయ్యి కావాలి.

"చిన్నమ్మా, జర లోపలికి రా," అని కేకేశాను.

ఆమె చెంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అప్పటికి పైలట్ సీటులో ఉన్నాడు. ఎలా కనిపిస్తాడో చూద్దామని ఊరికే కూర్చోబెట్టాను, అతికించలేదు. ఆమె వాణ్ని చూసి వంగింది.

"గీయినె ఎవలు బిడ్డా?"

"పైలట్. విమానం నడిపేటోడు."

"డ్రైవరా!" అని మురిసిపోయి, వాణ్ని తీసి అరచేతిలో పెట్టుకుంది. "మీసాలు గూడ ఉన్నయి గద. మా ఇంటాయన గిట్లనే రుమాలు సుట్టుకుంటుండె." కాసేపు చూసి మళ్లీ సీటులో పెట్టింది. "సల్లగుండు," అని కూడా అంది, బొమ్మతో.

తర్వాత నేను రెండు సగాలూ నొక్కి పట్టుకున్నాను, ఆమె దారం చుట్టింది. ముక్కు నుంచి తోక దాకా నాలుగు చోట్ల, బీడీకి కట్టినంత సన్నగా, గట్టిగా. రుమాలు రంగు ఇంకా పూర్తిగా ఆరలేదని నేను పైలట్‌ను ముందే బయటికి తీసి కిటికీలో పెట్టాను. పెట్టాననే అనుకున్నాను. ఒట్టు పెట్టి చెప్పమన్నా చెప్పేవాణ్ని. ఆమె వెళ్లి మళ్లీ చాట ముందర కూర్చుంది.

రెండు రోజులయ్యాక దారం కోసి చూస్తే అతుకు ఎంతో బాగా కుదిరింది. సంబరంగా కిటికీ దగ్గరికి పోయాను. పైలట్ లేడు.

కిటికీ కింద వెతికాను. పరుపు దులిపాను. ట్రంకు పెట్టె జరిపాను. చీపురుతో ఊడ్చి ఆ చెత్తంతా వేళ్లతో కెలికాను. నా గదిలోకి ఆ రెండు రోజులూ ఎవరూ రాలేదు. అవ్వకు మోకాళ్ల నొప్పి, గడప దాటి లోపలికి రాదు. వచ్చింది ఒక్కరే. వాణ్ని చూసి మురిసింది ఒక్కరే. అరచేతిలో పెట్టుకుంది ఒక్కరే. ఇలా ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ పోయేసరికి నా తలలో కేసు తేలిపోయింది. నేను తెలివైనవాణ్ని కదా మరి, డిగ్రీ చదివినవాణ్ని!

వాకిట్లోకి వచ్చి అందరి ముందరే అడిగాను. పక్కకు పిలిచి అడగాలన్న బుద్ధి కూడా పుట్టలేదు.

"చిన్నమ్మా, పైలట్‌ను ఏం జేసినవ్?"

ఆమెకు అర్థం కాలేదు. "ఏం జేసుడేంది బిడ్డా? నీ తాననే ఉండె గద."

"నా తాన ఉంటే నిన్నెందుకు అడుగుత? కావాలంటే అడగొచ్చు గద. దొంగతనమెందుకు?"

ఆ మాట అన్నాక వాకిట్లో చేతులన్నీ ఆగిపోయాయి. అంతకు ముందు ఎప్పుడూ నేను ఆ నలుగురి చేతులూ ఒకేసారి ఆగడం చూడలేదు. ఆమె ముఖం నల్లబడింది. ఒళ్లో చాటను కింద పెట్టి, దాని మీద కుడిచెయ్యి వేసింది. మా దగ్గర బీడీలు చేసే ఆడవాళ్లు అన్నం పెట్టే చాట మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పరు. చెబితే ఆ చెయ్యి మళ్లీ ఆకు పట్టదంటారు.

"బువ్వ వెట్టే చాట ముట్టి చెప్తున్న అక్కా. నేను దియ్యలే," అంది. నాతో కాదు, అవ్వతో.

అవ్వ నా వంక చూసింది. నేను తగ్గలేదు. "మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిండా?" అన్నాను. పక్కామె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఇంకా ఊపొచ్చింది. ఏమేమో అన్నాను. లారీ డ్రైవరు ఎందుకు వదిలిపోయాడో ఇప్పుడు తెలిసింది అన్న మాట కూడా అన్నాను. ఇది రాయకుండా దాటేద్దామని రెండుసార్లు కలం పక్కన పెట్టాను. అన్నాను, అంతే.

అవ్వ ఆమెను దొంగ అనలేదు. సాయంత్రం ఆకులు మూట కట్టేటప్పుడు మెల్లగా, "రేపటి సంది రాకే. పోరడు ఇంట్లనే ఉంటడు, రోజూ లొల్లి ఎందుకు," అంది. అంతే. అయితే మా గల్లీలో అది చాలు. కార్డున్నామె వద్దన్నదంటే ఏదో ఉంటుందని మిగతా వాకిళ్ల వాళ్లు అనుకున్నారు. చేతివాటం ఉన్న మనిషని పేరు పడింది. నాలుగు వాకిళ్లు అడిగిందట, ఒక్కరూ కార్డు మీద కూర్చోనివ్వలేదట. ఇది అవ్వ ఎవరితోనో అంటుంటే విన్నాను. విని, మంచిగైంది అనుకున్నాను.

వారం తర్వాత మొండెం పైన రంగు పూర్తయింది. ఇక పొట్ట కింద లేత నీలం వేయాలి. విమానాన్ని రెండు చేతులతో పట్టుకుని మొదటిసారి బోర్లా తిప్పాను.

లోపల ఏదో తోక నుంచి ముక్కుకు జారి టక్కుమంది.

మళ్లీ తిప్పాను. మళ్లీ టక్కుమంది. ఇంకోసారి తిప్పి చూడాల్సిన అవసరం లేకపోయింది, ఎవరో ఏమిటో తెలిసిపోయింది. నేను వాణ్ని తీయలేదు. సగాలు నొక్కే హడావుడిలో వాడు సీటు వెనక సందులోంచి తోకలోకి జారిపోయాడు. నేను పట్టుకుంటే, ఆమె కట్టింది. ఇద్దరం కలిసి వాణ్ని లోపలే పెట్టి మూసేశాం.

"ఏందిరా గా సప్పుడు?" వాకిట్లోంచి అవ్వ అడిగింది.

ఇదిగో, ఇక్కడ. నా బతుకులో వెనక్కి పోయి ఒక్క చోట నిలబడే వీలు ఉంటే ఇక్కడ నిలబడతాను. విమానం పగలగొట్టాల్సిన పని కూడా లేదు. నోరు తెరిస్తే చాలు. పొద్దు ఇంకా ఉంది, ఆమె అర్ర మా ఇంటికి ఇరవై అడుగుల దూరం. "అవ్వా, దొరికిండు" అంటే అయిపోయేది.

"ఏం లేదవ్వా. లోపల బంక గడ్డ కట్టింది," అన్నాను.

ఎందుకన్నానని అడిగితే ఏం చెప్పను? నలుగురిలో తల దించుకోవాలని. పక్కామె మళ్లీ కిసుక్కుమంటుందని, ఈసారి నన్ను చూసి. ఎయిర్‌ఫోర్స్‌కు పనికిరాని కళ్లు ఎదురుగా ఉన్న బొమ్మను కూడా చూడలేదని అంటారని. ఇంత చిన్న భయానికి అంత పెద్ద పని చేస్తారా అంటే, చేస్తారు, నేను చేశాను. అక్కడితో ఆగలేదు కూడా. కాగితాలు అతికించే జిగురు చిక్కగా ఉన్నది తెచ్చి, సీటు పక్క సందులోంచి బొట్టు బొట్టుగా తోకలోకి పోశాను. తోక కిందికి ఉండేలా గోడకు ఆనించి రెండు రోజులు ఎండనిచ్చాను. మళ్లీ ఊపి చూస్తే చప్పుడు లేదు. అప్పుడు తీరిగ్గా పొట్టకు నీలం వేశాను. రెక్కల మీద గుర్తులు నీళ్లలో నానబెట్టి, ఒక్క బుడగ కూడా లేకుండా అంటించాను. చాలా అందంగా వచ్చింది. అంత అందంగా రావడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ విమానమే నాకు ఉద్యోగం ఇప్పించింది. బోధన్‌లో కొత్తగా తెరిచిన ఒక ప్రైవేటు బడికి సైన్స్ మాస్టరు కావాలంటే, సర్టిఫికెట్లతో పాటు దాన్ని కూడా అట్టపెట్టెలో పెట్టుకుని పోయాను. కరస్పాండెంటు సర్టిఫికెట్లు చూడనేలేదు. విమానం అటు తిప్పి ఇటు తిప్పి, "శబాష్! మరి పైలట్ ఏడి?" అన్నాడు.

"దొంగిలించిన్రు సార్," అన్నాను.

తడుముకోలేదు కూడా. అప్పటికి నాకు ఆ మాట నోటికి అలవాటైపోయింది. విమానాన్ని ఆఫీసు గది అద్దాల బీరువాలో పెట్టారు. నేను రోజూ పొద్దున నిజామాబాద్‌లో బస్సెక్కి పోయి, సాయంత్రం తిరిగొచ్చేవాణ్ని.

చెరుకు కోతల కాలం. దారి పొడుగునా చక్కెర ఫ్యాక్టరీకి పోయే బండ్లు, బస్సు వాటి వెనక నత్తలా పాకేది. ఒక సాయంత్రం ఎడపల్లి దాటాక చేల దగ్గర బస్సాగి, కోత కూలీలు నలుగురైదుగురు ఎక్కారు. చివర ఎక్కింది ఆమె. కొడవలికి గోనె పీలిక చుట్టి చంకలో పెట్టుకుంది. నేను చప్పున ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను. చూడదులే అనుకున్నాను. ఆమె చూసి, నిలబడ్డవాళ్లను తప్పించుకుంటూ నేరుగా నా సీటు దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, మంచిగున్నవా? అవ్వ మంచిగున్నదా? మోకాళ్లు ఎట్లున్నయి?"

"ఆఁ" అన్నాను.

"నౌకరి దొరికిందట గద. సంబురమైంది." నా చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "గా డ్రైవరు దొరికిండా?"

ఇంతకంటే తేలికగా ఎవరు అడుగుతారు? ఒక్క మాట, దొరికిండు.

"లేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. చీర కొంగు ముడి విప్పింది. ఆ వేళ్లు నేను గుర్తుపట్టలేదు. చెరుకాకు కోతలు అడ్డంగా నిలువుగా, కొన్ని ఆరినవి, కొన్ని ఎర్రగా. కణుపులు వాచి ఉన్నాయి. ముడిలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ మనిషిని తీసి నా ఒళ్లో పెట్టింది. ఎర్ర చొక్కా, బొటనవేలంత ఎత్తు. కూర్చున్నట్టు మోకాళ్లు మడిచి ఉన్నాయి.

"బోధన్ అంగట్ల ట్రాక్టరు బొమ్మ కొన్న. డ్రైవరును ఊడవీకిన. నీ వానంత సక్కగ లేడు, జర పెద్దగనే ఉన్నడు. నేనైతే దియ్యలే బిడ్డా, చాట ముట్టి చెప్పిన. గని నేనొచ్చి పోయినంకనే గద పోయింది. నా మీద పడ్డది, నేనే తెచ్చియ్యాలె." చేతులు చూపించింది. "గీ సీజను మొత్తం కోసిననంటే ఇగ వేళ్లు బీడీకి వంగయి. అవ్వకు నువ్వొక మాట చెప్పు. మల్ల కూసోనియ్యమను."

ఆమెకు నేను అడ్డం చెప్పలేదు. బొమ్మను తిరిగి ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని, "చెప్త," అన్నాను. నా పక్క సీటు ఖాళీ అయితే కూర్చోమని కూడా అనలేకపోయాను. ఆమే నా కాళ్ల దగ్గర కింద కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి అవ్వా మిగతా ఇద్దరూ కట్టలు కడుతున్నారు. బొమ్మను తీసి అవ్వ చాటలో పెట్టాను. నిజం చెప్పేద్దామనే పెట్టాను, నమ్మండి నమ్మకపోండి. బస్సు దిగి నడిచి వచ్చినంత సేపూ మాటలు పేర్చుకున్నాను.

"గిదేంది? నీ బొమ్మోడా? ఏడ దొరికిండు?" అంది అవ్వ. అవ్వ పైలట్‌ను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. చొక్కా రంగు ఏమిటో, మీసం ఉందో లేదో ఆమెకేం తెలుసు?

"చిన్నమ్మ ఇచ్చింది," అన్నాను.

అక్షరాలా నిజం. దాని తర్వాత ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. ఊపిరి తీసుకునే లోపలే పక్కామె బుగ్గ నొక్కుకుంది. "సూసినవా! చాట ముట్టి గూడ ఎట్ల బొంకిందో!"

అవ్వ ఆ బొమ్మను వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది. తర్వాత, "పోనీ తియ్యవే. పిల్లజెల్లలు లేని మనిషి, ఆశపడ్డది. తెచ్చిచ్చింది గద," అంది. నా వైపు తిరిగి, "రమ్మని చెప్పురా. తప్పు ఒప్పుకున్నోళ్లను ఇంకేమంటం," అంది.

అలా మా అవ్వ ఒక దొంగను క్షమించింది. ఆ దొంగను నేను తయారు చేశాను, విమానం కంటే బాగా కుదిరింది. పేర్చుకున్న నాలుగు మాటలూ గొంతులోనే ఉండిపోయాయి. ఎలాగూ ఆమెకు పని దొరికింది కదా, ఇప్పుడు తవ్వి ఏం లాభం అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట ఎంత హాయిగా ఉందో! ఆ పూట అన్నం కూడా బాగానే తిన్నాను.

ఆమె మర్నాడు పొద్దున్నే వచ్చింది, తలకు నూనె రాసుకుని, ముఖం వెలుగుతూ. మచ్చ పోయిందనే అనుకుని వచ్చింది. కూర్చుని ఆకు చేతిలోకి తీసుకుందో లేదో, పక్కామె అంది: "అచ్చినవా? ఇగ మల్ల గట్ల జెయ్యకు తల్లీ. అక్క మంచిదాయె గనుక సరివాయె."

ఆమె చెయ్యి ఆగింది. అవ్వ వంక చూసింది. అవ్వ "పోనియ్యవే" అన్నట్టు తల ఊపింది. తర్వాత నా వంక చూసింది. నేను బస్సుకు పోవడానికి చెప్పులు తొడుక్కుంటున్నాను. చెప్పు పట్టీ అంతసేపు ఎప్పుడూ సర్దుకోలేదు. నేను తల ఎత్తేసరికి ఆమె కిందికి వంగి ఆకు మీద తంబాకు పోస్తోంది. ఆ వేళ్లతో కోతల చేలకు మళ్లీ పోయే శక్తి లేదు కదా. ఆ జాగా కావాలి ఆమెకు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది. పని ముగించి లేచాక, ఇంటికి పోయే ముందు, అవ్వ ఎదుట నిలబడి ఆకుల సంచి బోర్లించి చూపించేది. తర్వాత కొంగు విప్పి రెండుసార్లు దులిపేది. ఎవరూ అడగలేదు. మొదట్లో అవ్వ "ఎందుకే గివన్ని" అంటూ ముఖం చిట్లించేది. "ఉండనియ్యక్కా, నాకు మంచిగుంటది," అనేది. పోనుపోను అవ్వకు అదీ పనిలో భాగమైపోయింది. నేను బోధన్ నుంచి వచ్చే వేళా, ఆమె పోయే వేళా ఒకటే. ఆ కొంగు దులిపే చప్పుడు వినకుండా ఉండాలని బస్టాండులో చాయ్ తాగే వంకన ఆలస్యంగా వచ్చేవాణ్ని. ఏళ్లు గడిచాయి. అవ్వ పోయింది. అవ్వ తర్వాత రెండేళ్లకు ఆమె కూడా పోయింది. చెప్పాల్సిన ఇద్దరికీ చెప్పకుండానే అయిపోయింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను, ఇందులో గొప్పేమీ లేదు. మీరు నన్ను ఏమీ చేయలేరు.

అవ్వ ఉన్నప్పుడే, ఒక రోజు మాత్రం తప్పించుకోలేకపోయాను. దసరా సెలవులు. అవ్వా మిగతా ఇద్దరూ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయారు. వాకిట్లో ఆమె ఒక్కతే కూర్చుని మిగిలిన ఆకు చుట్టేసింది. నేను లోపల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పని అయిపోయాక ఆమె లేచి, వాకిట్లో అటూ ఇటూ చూసి, నా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. దారం కట్టిన ఆ రోజు తర్వాత ఆమె ఎప్పుడూ నా గదిలో అడుగు పెట్టలేదు.

"ఏంది చిన్నమ్మా?"

సంచి బోర్లించింది. రెండు ఎండాకులు రాలాయి.

"నాకెందుకు చూపిస్తవ్?" అన్నాను.

"అక్క లేదు గద సారూ," అంది. నాకు ఉద్యోగమొచ్చాక బిడ్డా అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించనేలేదు. "మీరు జూడుండ్రి. మల్ల ఏమన్న కనవడకుంటే ఎట్ల?"

కొంగు రెండు చేతులతో చాపి పట్టుకుని, నేను చూసే దాకా నిలబడింది. చూశాను. "సరే, పో" అన్నాను.